వెడల్పు, ఎత్తు, పైట

గత ఆదివారం చీమకుర్తిలో మా మేనమామ తన రాతి యూనిట్ వెనక గదిని ఖాళీ చేయిస్తూ నన్నూ రమ్మంటే వెళ్లాను. గదిలో ఉన్నవి ఇవి: వెనకవైపు బుట్టలా పొడుచుకొచ్చిన పాత మానిటర్ ఒకటి, మూతలు ఊడిన సీపీయూలు రెండు, జిప్పు చెడిన సీడీల సంచి ఒకటి, బెల్టు తెగిన చెక్కుడు యంత్రం ఒకటి, గోడకు ఆనించిన పగుళ్ల పలకలు కొన్ని, అన్నిటి మీదా వేలి మందాన రాతి పొడి. ఉన్నవాళ్లం ముగ్గురం: మావయ్య, నేను, ఆ గదిలో రాయి మీద మొహాలు చెక్కుతూ జుట్టు నెరిపించుకున్న ఒకాయన. ఆయన్ని నేను మొదటి నుంచీ బాబాయి అనే పిలుస్తాను. పాత సామానువాడు తూకం వేస్తుంటే సీడీల సంచి ఒక్కటి నేను పక్కకు తీసి పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి అందులో ఒక సీడీని లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే ఫైళ్లు ఉన్నాయి కానీ ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు ఆ ఫైళ్లు ఏమిటో తెలియదు. చివరికి నా దగ్గరున్న పాత గ్రాఫిక్స్ ప్రోగ్రాములో ఇంపోర్ట్ అన్న చోట నొక్కితే ఒక చిన్న బూడిదరంగు పెట్టె వచ్చి వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, ఛానళ్లెన్ని, హెడర్ ఎంత అని వరసగా అడిగింది. ఆ నాలుగు ప్రశ్నలూ చూడగానే నేను మొదటిసారి జీతం తీసుకున్న రోజులన్నీ వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

మన వయసువాళ్లకు, అంటే ఫ్లాపీలు ఆఖరి రోజుల్లో చూసి సీడీల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసినవాళ్లకు, రా ఫైలంటే ఏమిటో కొంత గుర్తుండే ఉంటుంది. కెమెరావాళ్లు రా అనేది వేరు. నేను చెప్పేది అంతకంటే పచ్చిది. మామూలు ఫొటో ఫైలు తన వెడల్పు, ఎత్తు, ఛానళ్లనే రంగుల లెక్క అన్నీ మొదట్లోనే హెడర్‌గా రాసుకుని వస్తుంది కాబట్టి ఎక్కడ తెరిచినా తెరుచుకుంటుంది. రా ఫైలులో అవేవీ ఉండవు. మొదటి చుక్క ఎంత తెలుపు, రెండో చుక్క ఎంత తెలుపు, అలా చివరి చుక్క దాకా అంకెలే ఉంటాయి. ఒక వరస ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో కూడా అది చెప్పదు. గుంటూరు యార్డులో లాటు చీటీ ఊడిపోయిన మిరపకాయల టిక్కీ బస్తా ఎలాంటిదో ఇదీ అలాంటిదే. సరుకంతా లోపలే ఉంటుంది, ఎవరిదో మాత్రం తెలియదు.

ఒంగోలులో కంప్యూటర్ డిప్లొమా పూర్తి చేసి నేను మావయ్య యూనిట్‌లో చేరేనాటికి ఆయనకు రెండు పనులు ఉండేవి. ముందు షెడ్డులో పెద్ద రంపాలతో బండలు పలకలుగా కోయడం అసలు వ్యాపారం. వెనక గదిలో చనిపోయినవాళ్ల మొహాలు నల్లరాయి మీద చెక్కించి ఇవ్వడం రెండోది, దాన్ని ఆయన వ్యాపారం అనేవాడు కాదు. గుంటూరు నుంచీ ప్రకాశం నుంచీ రైతు కుటుంబాలవాళ్లు వచ్చేవారు. తండ్రి పోతేనో తల్లి పోతేనో వాళ్ల పొలంలోనే గట్టు వారన చిన్న దిమ్మె కట్టి దాని మీద ఆ రాయి నిలబెట్టుకోవడం అలవాటు. పత్తి తీసేవేళ, మిరపకోతలవేళ ఆ మొహం పనివాళ్లను చూస్తూ ఉన్నట్టే ఉండేది. చీమకుర్తి రాయిలో మెరుపు చుక్కలు ఉంటాయని మీకు తెలుసు. అవి గోడకూ నేలకూ అందమే కానీ బుగ్గ మీద పడితే స్ఫోటకం మచ్చలా కనిపిస్తాయని మొహాలకు మాత్రం మెరుపు లేని నల్లరాయి బయటినుంచి తెప్పించేవాడు మావయ్య.

చెక్కుడు యంత్రానికి ఒక సూది ఉండేది. తెలుపు కావలసిన చోట గట్టిగా, బూడిదరంగు కావలసిన చోట మెల్లగా పొడుస్తూ ఒక్కో వరసా పోయేది. నలుపు కావలసిన చోట ఊరికే దాటిపోయేది, రాయి నలుపే నలుపు. ఆ యంత్రం రా ఫైలు తప్ప ఇంకేదీ తినేది కాదు. అందుకని నా పని ఫొటోను స్కాన్ చేసి, మరకలు తుడిచి, రంగు తీసేసి, పలక కొలతకు కోసి, నిలువునా తలకిందులు చేసి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హెడర్ సున్నా, ఛానల్ ఒకటి అని చూసుకోవడం. తలకిందులు ఎందుకంటే సూది పలక కింది అంచు నుంచి పని మొదలుపెట్టి పైకి వెళ్లేది కాబట్టి ఫైలులో మొదటి వరస బొమ్మలో చివరి వరస కావాలి. ఈ పనిని నేను బాగా చేసేవాణ్ని. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నేనున్నన్నాళ్లూ ఏ ఫైలునూ యంత్రం తిప్పి పంపలేదు.

ఒక్క చోట మాత్రం యంత్రానికి పని ఉండేది కాదు, కంటిపాపల్లో. ఆ రెండు చోట్లా ఫైలులో పూర్తి నలుపు నింపి పంపమనేవాడు బాబాయి. మిగతా మొహమంతా అయ్యాక ఇంటివాళ్లలో ఉన్నవాళ్లందరికంటే పెద్దవాళ్లు వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడు చిన్న ఉలి తీసుకుని పాపల్లో వెలుగు చుక్కలు తన చేత్తో పెట్టేవాడు. కళ్లు తెరవడం అనేవాళ్లం దాన్ని. పెద్దవాళ్లు రాకుండా ఆయన కళ్లు తెరిచేవాడు కాదు, మావయ్య ఎంత తొందరపెట్టినా సరే. బాబాయి వాళ్లింట్లో గోడ మీద మనిషి బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు, వాళ్ల మతంలో పెట్టుకోరు. ఇక్కడ మాత్రం ఎవరి అమ్మానాన్నల కళ్లయినా ఆయన చేతి మీదుగానే తెరుచుకోవాలి. అదేం పట్టింపని ఒకసారి అడిగితే, చూపు ఎవరి మీద పడాలో వాళ్లు ముందుండాలి కదా అబ్బాయ్ అని ఊరుకున్నాడు.

రాజధాని కోసం పొలాలన్నీ కలిపేసిన కొత్తల్లో ఒక రోజు తుళ్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చాలా ఏళ్ల కిందట, అంటే నేనింకా బడికి పోయే రోజుల్లో, వాళ్ల అమ్మ రాయి మా యూనిట్‌లోనే చేయించుకెళ్లాడట. మూడెకరాల చేలో గట్టు వారన ఉండేదట అది. చేను సర్కారుకు ఇచ్చేశాక, రాయిని ముందే తెచ్చుకుందామనుకుంటూ ఉండగానే పొక్లెయిన్లు వచ్చి గట్లన్నీ చదును చేసేశాయి. ఆయన వెళ్లేసరికి ఏది తన చేనో ఏది పక్కవాడిదో గుర్తుపట్టడానికే లేదు, రాతి ముక్కన్నా దొరకలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో అంతకు ముందే కప్పు కారి, అద్దానికి అంటుకుపోయి పాడైంది. పొలానికి బదులు వచ్చిన ప్లాటులో ఒక మూల మళ్లీ రాయి నిలబెట్టాలని, అమ్మ తద్దినం దగ్గరపడిందని చెప్పి, మీ దగ్గర పాత బొమ్మ ఉందేమో చూడు బాబూ అన్నాడు. ఆయన మావయ్యతో కాక నాతోనే ఎందుకన్నాడో తెలియదు, బహుశా కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను కాబట్టి.

నాకు ముందు కంప్యూటర్ పని చేసినతను ఎక్కడికో వెళ్లిపోయాడు. ఫొటోల స్కాన్లన్నీ ఒకసారి డిస్కు పాడై పోయాయి. మిగిలినవి సీడీల మీద పెట్టిన రా ఫైళ్లే. ఒక్కో ఫైలుకూ ఊరి పేరూ ఇంటిపేరూ పెట్టాడు కానీ కొలతలు రాయలేదు, అతనికి అవి నోటికి వచ్చి ఉంటాయి. ఫైలు దొరికింది. సైజు పదిహేను లక్షల యాభై అయిదు వేల రెండు వందల బైట్లు. చుక్కకు ఒక బైటు కాబట్టి చుక్కలూ అన్నే. ముందుగా ఉజ్జాయింపుగా వెయ్యి వెడల్పు ఇచ్చి తెరిస్తే తెర నిండా ఏటవాలు గీతలు, పోతున్న బస్సులోంచి చూస్తే పత్తిచేలో సాళ్లు వెనక్కి జారినట్టు. వెడల్పు తక్కువిస్తే బొమ్మ కిందికొచ్చే కొద్దీ కుడికి జారుతుంది, ఎక్కువిస్తే ఎడమకు. అలా తడుముకుంటూ పోవచ్చు కానీ నాకు తడుముకోవడం నచ్చదు. ఆ రోజుల్లో పలక కొలత పద్దెనిమిది అంగుళాలకు ఇరవై నాలుగు, సూది అంగుళానికి అరవై పోట్లు అని మావయ్య చెప్పాడు. లెక్క వేస్తే వెడల్పు వెయ్యీ ఎనభై, ఎత్తు పద్నాలుగు వందల నలభై. రెండూ గుణిస్తే ఫైలు సైజు ఒక్క బైటు తేడా లేకుండా వచ్చింది. ఆ అంకెలు పెట్టి నొక్కగానే గీతలన్నీ ఒక్కసారి సర్దుకుని ముసలావిడ మొహం నిలబడింది, తలకిందులుగా. వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

అసలు చిక్కు అప్పుడే వచ్చింది. తలకిందులున్న బొమ్మను నిలబెట్టడానికి రెండు దారులున్నాయి. నీళ్లలో నీడను పైకి మడిచినట్టు నిలువునా తిప్పడం ఒకటి, కాగితాన్ని బల్ల మీద గిర్రున సగం చుట్టు తిప్పడం రెండోది. రెండిట్లోనూ తల పైకే వస్తుంది, కానీ ఒకదాని కుడి రెండోదాని ఎడమ. ఏది నిజమో ఫైలు చెప్పదు, అందులో ఉన్నవి అంకెలే. మా యంత్రం ప్రకారం నిలువునా తిప్పాలి. అలా తిప్పితే ఆవిడ పైట కుడి భుజం మీద కనబడింది. సగం చుట్టు తిప్పితే అందరు ఆడవాళ్లకు లాగే ఎడమ భుజం మీదికి వచ్చింది. కానీ ఆ ఫైలు చేసినప్పుడున్న యంత్రం మాది కాదు, దానికి ముందున్నది. దాన్ని అమ్మేసి చాలా కాలమైంది, పలకను దాని మీద ఏ వైపు నుంచి పెట్టేవారో మావయ్యకు గుర్తు లేదు.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"రెండూ అమ్మలాగే ఉన్నాయి బాబూ."

"సరిగ్గా చూడండి. పాపిడి గాని, పుట్టుమచ్చ గాని…"

"చూస్తున్నా. ఇటు చూస్తే ఇదే అనిపిస్తంది, అటు చూస్తే అదే అనిపిస్తంది." ఆయన గొంతులో భయం వినబడింది. ఈ భూమ్మీద ఆవిడ మొహం ఇంకెక్కడా లేదు, ఆయన తలలో ఉందనుకున్నదీ అక్కడ లేదని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

మావయ్యే తేల్చాడు. "ఒరేయ్ అల్లుడూ, ఇంత చదివావు, పైట చూసుకోవద్దంట్రా? ఏ ఆడమనిషన్నా కుడి భుజాన పైటేస్తదా? పాత మిషను తిరగేసి కొట్టేది, అంతే." పెద్దాయన అవునంటే అవునన్నాడు. బాబాయి కూడా తలూపాడు. నేను కూడా ఎడమ పైట బొమ్మనే ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చాను. ఆ గదిలో నలుగురు మగవాళ్లం చీర విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాం.

తద్దినానికి ముందు రోజు పొద్దున రాయి కళ్లు తప్ప మొత్తం తయారై బల్ల మీద ఉంది. కళ్లు తెరవడానికి పెద్దాయన వాళ్ల అక్కగారిని పర్చూరు నుంచి పిలిపించాడు. ఆవిణ్ని అక్కడ పొగాకు రైతు ఇంట ఇచ్చారట. ఆటో దిగి, గడప దగ్గర చెప్పులు విడిచి, చేతిసంచి తమ్ముడి చేతికిచ్చి, కొంగు తల మీదికి లాక్కుంటూ లోపలికి వచ్చి రాయి ముందు నిలబడింది. బాబాయి ఉలి తీశాడు.

"ఒరేయ్ తమ్ముడూ," అందావిడ. "ఈవిడెవర్రా?"

"అమ్మేనక్కా."

"అమ్మా? అమ్మకి పైట ఇటెప్పుడు వచ్చింది?"

బాబాయి ఉలి దించాడు.

"అమ్మది కుడి పైటరా. అమ్మదేంటి, అమ్మమ్మదీ అంతే, మనింట్లో అందరిదీ అంతే. కల్లంలో కాయలేరేటప్పుడు ఘాటుకి కుడి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేది, గుర్తు లేదా నీకు? నువ్వు ఆ కొంగు పట్టుకునే గదరా నడక నేర్చింది."

"మరి నీది ఎడమేగా అక్కా," అన్నాడు పెద్దాయన చిన్నగా.

"నేను మార్చుకున్నా. మా అత్త చూసి ఇదేం పైటమ్మాయ్, మా ఇంట కుదరదు అంది, మార్చుకున్నా. అమ్మ ఎందుకు మార్చుకుంటది?"

మావయ్య ఊరుకునే మనిషి కాదు. "పెద్దమ్మా, పోనీ ఈ పైటొక్కటీ చెరిపి అటేపు వేయిద్దామా? మొహం అదేగా," అన్నాడు.

"నీ మొహం అద్దంలో చూసుకుని గీయించుకో నాయనా, నీకు బాగుంటది. మా అమ్మకి వద్దు."

బాబాయి నవ్వు దాచుకోవడానికి ఉలికి ఉన్న పొడి ఊదుకున్నాడు. మావయ్య పైకప్పు రేకుల కేసి చూశాడు. తర్వాత నాకేసి తిరిగి, గొంతు తగ్గించి, "మా నాయనమ్మదీ కుడి పైటేరా," అన్నాడు. "పదేళ్లొచ్చేదాకా ఆవిడ పక్కనే పడుకున్నా. నేను మరిచిపోయానంట్రా?"

మిగతాది పని. ఇంకెవరి కోసమో కోసి మెరుగు పెట్టి ఉంచిన పలక ఒకటుంటే మావయ్య దాన్ని బల్ల మీదికి ఎక్కించాడు. నేను ఫైలును మళ్లీ తెరిచి, ఈసారి నిలువునా తిప్పి చూసుకుని, పాపల్లో నలుపు సరిచూసుకుని, యంత్రం కోసం మళ్లీ తలకిందులు చేసి ఎక్స్‌పోర్ట్ చేశాను. అంటే నా మొదటి లెక్కా సరైనదే, పాత యంత్రమూ సరైనదే, నాకు ముందు పనిచేసినతనూ సరిగ్గానే చేశాడు. సాయంత్రం దాకా సూది పొడుస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది కానీ జనరేటరు అందుకుంది. ఆవిడ కుర్చీ వద్దని తమ్ముడి పక్కన పలకల మీదే కూర్చుంది. కింది అంచు నుంచి ఒక్కో వరసా పైకి వస్తుంటే ముందు కొంగు, తర్వాత భుజం, తర్వాత గడ్డం కనబడ్డాయి. భుజం వచ్చినప్పుడు పెద్దాయన అక్క చెయ్యి పట్టుకుని, ఇదేనక్కా, ఇప్పుడు తెలుస్తోంది అన్నాడు. ఆవిడ, తెలుస్తదిలే అంది.

వెలుతురు ఉండగానే బాబాయి కళ్లు తెరిచాడు. ఆవిడ ఎదురుగా నిటారుగా నిలబడింది. రెండు చుక్కలు, ఒక్కో కంట ఒకటి. బాబాయి మెత్తటి బట్టతో పొడి తుడిచి పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ ఏడవలేదు, దణ్ణం కూడా పెట్టలేదు. కాసేపు చూసి, కొంచెం మంచినీళ్లిస్తారా అయ్యా అని అడిగింది. మొదటి పలకను ఏదైనా గడపకు వాడుకుందామని షెడ్డు కుర్రాళ్లు అంటే బాబాయి ఒప్పుకోలేదు. మర్నాడు దాన్ని తనే మెరుగు యంత్రం కింద పెట్టి ఆ మొహం పూర్తిగా పోయేదాకా పాలిష్ పట్టాడు. ఎవరిదీ కాని మొహం తొక్కుడుకు పనికిరాదన్నాడు.

ఇప్పుడు ముందు షెడ్డులో ఒక పక్కన కొత్త లేజరు యంత్రం ఉంది. ఏ ఫైలిచ్చినా తీసుకుంటుంది. వెడల్పు అడగదు, ఎత్తు అడగదు. కంటిపాపలతో సహా ఒకే ఊపున చెక్కేస్తుంది. ఇంటివాళ్లు రావడం లేదు, పనయ్యాక ఫొటో తీసి ఫోనులో పంపితే బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగి వస్తుంది. బాబాయికి ఉలి పనికి కావలసిన చూపు తగ్గింది, ఆయన ఇప్పుడు లెక్కలు చూసుకుంటున్నాడు. ఫోన్లు మన మొహాన్ని మనకే తిరగేసి చూపిస్తున్నాయి, చూసి చూసి మనకు అదే సరైనదనిపిస్తోంది. పాత ఫొటో ఇస్తే ముడతలు తీసి, చెంపలు నింపి, పైట సర్ది ఇచ్చే యాప్‌లున్నాయి. వాటికి తెలిసింది ఎడమ భుజం ఒక్కటే. నేను వాటిని తప్పుపట్టను, పని తేలికైనందుకు నాకు సంతోషమే. అయితే ఆ నాలుగు ప్రశ్నలు అడిగే పెట్టె ఉన్నప్పుడు, మనకు తెలియనిది ఏదో ఉందని కనీసం తెలిసేది. తెలిసినవాళ్లను పిలిచేవాళ్లం. వాళ్లు ఆటో దిగి వచ్చేదాకా ఆగేవాళ్లం.

ఆ రోజు తర్వాత నేను చీమకుర్తిలో ఉన్నంత కాలం ప్రతి ఫైలు పేరులోనూ వెడల్పు, ఎత్తు, మొదటి వరస పైదా కిందిదా అన్నది రాశాను. ఆడవాళ్ల ఫొటో తెచ్చిన ప్రతి కుటుంబాన్నీ పైట ఎటువైపు అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు ఫోను చేసి ఇంట్లో పెద్దవాళ్లను కనుక్కున్నారు, ఎక్కువమంది అదేం ప్రశ్నన్నట్టు చూసి ఎడమేగా అన్నారు. కుడి అని చెప్పినవాళ్లు పదకొండు మంది.